చారు పొంగిన రాత్రి

పీణ్య రెండో స్టేజిలో పగలంతా
పరాయివాళ్ళ వాల్వుల మందం కొలుస్తాను.
మైక్రాను నాకు చుట్టం.
ఎంత దగ్గర చుట్టమంటే
బెండకాయలు తరుగుతున్నా
చక్రాల్లో హెచ్చుతగ్గులు కంట్లో నలుసులవుతాయి.

యలహంక కాలేజీ నుంచి ఫిజిక్సు మేడమ్ మునిరత్నమ్మ
ఒక కాగితం తెచ్చింది.
స్పెక్ట్రోగ్రాఫుకి బయటిదేశం వాళ్ళు చెప్పిన ధర.
సున్నాలు లెక్కపెట్టి కదిరప్ప లేతు ఆపేసినాడు:
"ఈ దుడ్డుకి చుక్కనే దింపి ఇస్తారేమో కదక్కా!"
ఆమెకున్నది ఎనిమిదంగుళాల టెలిస్కోపు,
పదకొండు మంది పిల్లలు,
ల్యాబు పద్దులో మిగిలిన ముప్పై ఎనిమిది వేలు.

సరే అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

గడ్డం గీసే బ్లేడుని నిలువునా విరిచి
రెండు ముక్కల్నీ ఎదురెదురుగా నిలబెట్టాం,
తగవు పడ్డ తోడికోడళ్ళలా:
తాకకూడదు, దూరం జరగకూడదు.
నడుమ ఇరవై మైక్రాన్ల సందు.
కదిరప్ప అల్యూమినియం దిమ్మె తొలిచి పెట్టె చేశాడు,
లోపలంతా మసి నలుపు.
డబ్బు మింగింది మాత్రం గీతల అద్దమే,
మిల్లీమీటరులో పన్నెండు వందల గీతలు.
దాన్ని విప్పిన రోజు
ఊపిరి తగలకుండా ఇద్దరం మూతికి గుడ్డ కట్టుకున్నాం.

అయినా రంగులు నిలవలేదు.
రాత్రి చల్లబడేకొద్దీ లోహం ముడుచుకుని
పక్కకి పాకేవి, అర డిగ్రీకి ఒక పిక్సెల్.
హెసరఘట్ట కోళ్ళఫారంలో బేరమాడి
గుడ్లు పొదిగే పెట్టెలోని థర్మోస్టాటు తెచ్చాడు కదిరప్ప.
చేపలొచ్చిన థర్మాకోల్ డబ్బాలో
ముప్పై రెండు డిగ్రీల దగ్గర పొదగేశాం.
"పైన పిల్లలకోడి, కింద మనది" అన్నాడు.
చేపల వాసన ఇంకా పోలేదు.

కొలతకి ఒక ఆనవాలు దీపం కావాలి.
ఎదురుగా వీధి సోడియం దీపం ఉండనే ఉంది,
దాని పసుపు ఎక్కడ పడాలో పుస్తకాలన్నిటికీ తెలుసు.
నాలుగు నెలలు దాన్నే నమ్ముకున్నాం.
ఒక శుక్రవారం నిచ్చెన బండి వచ్చి
దాన్ని ఊడబీకి తెల్ల ఎల్‌ఈడీ బిగించి పోయింది.
వీధి వీధంతా ఎంత వెలుతురో అని మురిసింది.
ఆ వెలుతురులో రంగులన్నీ ఉన్నాయి,
వేలు పెట్టి చూపించడానికి
ఒక్క గీత లేదు.

మర్నాడు రాత్రి పెట్టెను వంటగట్టు మీదే వదిలేసి,
కెమెరా ఆపాలన్న ధ్యాస కూడా లేక
మిరియాల చారు పెట్టాను.
పొంగింది.
నీలి మంట మీద ఉప్పునీళ్ళు చిమ్మి
పసుపు భగ్గుమంది.
లాప్‌టాప్ తెర మీద, నలుపు నడుమ
గీత.
కాదు,
రెండు.
పక్కపక్కనే, ఒకదాన్నొకటి ముట్టకుండా.

గిన్నె దించాలని తోచలేదు.
కదిరప్పకి ఫోన్ చేసి "సందు సరిపోయింది" అన్నాను.
"ఏం సందక్కా?"
"బ్లేడ్లది. పసుపు రెండుగా చీలింది."
అవతల మాట లేదు,
మెట్రో వెళ్తున్న చప్పుడు తప్ప.

ఇప్పుడు కాలేజీ మేడ మీద
స్పిరిటు దీపం, చిటికెడు ఉప్పు.
మాఘమాసపు చలిలో పదకొండు మందీ వంతులేసుకుని
ఆర్ద్రా నక్షత్రం వైపు తిప్పారు.
మంటలో పసుపు వెలిగిన చోటే
చుక్కలో రెండు నల్ల గీతలు.
సరిగ్గా అక్కడే కాదు,
అర పిక్సెల్ ఎరుపు వైపు జరిగి.
"తప్పు మనదా మేడమ్, దానిదా?"
అడిగింది సల్మా అనే పిల్ల.
మూడు రాత్రులు మళ్ళీ తీశారు:
మంట, చుక్క, మంట.
మంట కదల్లేదు.

అందులో భూమి నడక ఎంతో, చుక్క నడక ఎంతో
మునిరత్నమ్మ విడదీసి చెప్పింది.
నాకు సగమే అర్థమైంది.
ఆ అర పిక్సెల్ మా పెట్టెది కాదని మాత్రం
ఎవరి ముందైనా చెబుతాను.

రేపు పొద్దున రెండొందల వాల్వులు చూడాలి.
స్టవ్వు మీద చారు మరక అట్టే ఉంది,
రుద్దబుద్ధి కావడం లేదు.